గంటన్నర దూరము

క్రిందటి నెలలో ఒక సోదరి మాకొక చిన్న ఉత్తరము వ్రాసిరి. ఎనిమిదవ తరగతి చదువుచున్న వారి కుమారుడు గోడపటమును నేలమీద పరచుకొని, కెనడా దేశపు ఉత్తరపు కొనను రెండు చుక్కలను చూపి, “అమ్మా, ఈ రెండు ఊళ్లకు నడుమ ఎంత దూరము? విమానమెక్కినచో ఎంతసేపు పట్టును?” అని యడిగెనట. తానే స్కేలుతో కొలిచి, పటము క్రింది కొలతను బట్టి 1,500 కిలోమీటర్లకు పైగా నుండునని తేల్చెనట. తల్లికి నమ్మకము కుదురలేదు. “వంట యైన పిదప చెప్పెదను” అని అప్పటికి తప్పించుకొని, మాకు వ్రాసిరి. “బిడ్డలు అడిగిన దానికి తెలియదని చెప్పుటకు సిగ్గుగా నున్నది. మీ శీర్షికలో ఒక్క ముక్క వ్రాసిన చాలును” అని వారి కోరిక.

ఒక్క ముక్కతో ముగింతమనియే మేమును కలము పట్టితిమి. కాని ఆ రెండు చుక్కలను గూర్చి చదువుకొలదిని, అది గణితశాస్త్రమునకే గాక గృహిణులకును సంబంధించిన ప్రశ్న యని తోచినది. కావున ఈ మాసపు పుటలన్నియు దానికే వినియోగించుచున్నాము.

మొదట ఆ ఊళ్లేవో చెప్పుకొందము. ఒకటి రెజొల్యూట్, రెండవది గ్రీస్ ఫియోర్డ్. రెండును కెనడాలోని నునావుట్ ప్రాంతములోనివి. రెజొల్యూట్ కార్న్‌వాలిస్ ద్వీపమునందున్నది. గ్రీస్ ఫియోర్డ్ ఎల్స్‌మియర్ ద్వీపపు దక్షిణతీరమున, కొండల పాదమున, సముద్రమునకు ఎదురుగా నున్నది. ఆ ద్వీపము విస్తీర్ణమున నేటి ఆంధ్రప్రదేశముకంటె పెద్దది. అంతటి నేలమీద సంసారులు కాపురముండు ఊరు ఇదొక్కటియే. 2021 జనాభా లెక్కలలో గ్రీస్ ఫియోర్డ్‌నందు 144 మందియు, రెజొల్యూట్‌నందు 183 మందియు ఉండిరి. మన వీధిలో ఒక పెండ్లికి వచ్చు చుట్టములకంటె తక్కువే!

అచ్చటివారు ఇన్యూయిట్ జాతివారు. వారి భాషలో ఈ ఊళ్లకు వేరు పేర్లున్నవి. రెజొల్యూట్‌ను ‘తెల్లవారని చోటు’ అందురు. గ్రీస్ ఫియోర్డ్‌ను ‘ఎన్నటికిని కరగని చోటు’ అందురు. నవంబరునుండి ఫిబ్రవరి వరకు సూర్యుడు అచ్చట ముఖము చూపడు. వేసవిలో కొన్ని మాసములు అస్తమింపనే అస్తమింపడు. రెండు ఊళ్లకు నడుమ రోడ్డు లేదు, రైలు లేదు. నునావుట్‌లోని ఇరువదియైదు ఊళ్లలో ఏ రెంటిని గాని కలుపు బాట యొక్కటియు లేదు. ఓడ వేసవిలో, మంచు విడిన కొద్దికాలము మాత్రమే వచ్చును. తక్కిన కాలమంతయు రాకపోకలకు విమానమే దిక్కు.

ఇక దూరము. బాలుడు పటమును కొలిచినది తప్పు కాదు. పటమే కొంత మాయ చేసినది. దీనిని బిడ్డలకు చెప్పుటకు వంటింట నున్న గుమ్మడికాయ చాలును. కాయమీది చాళ్లు నడుమ ఎడముగా నుండి, తొడిమను చేరుకొలదిని దగ్గరపడి, తుదకు ఒక్కచోట కలిసిపోవునుగదా. భూగోళముపై నిలువుగీతలైన రేఖాంశములును అట్టివే. విజయవాడ యున్న అక్షాంశమున ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 107 కిలోమీటర్ల వెడల్పుండును. ఈ రెండు ఊళ్లున్న చోట అదే డిగ్రీ 28 కిలోమీటర్లకు మించదు. కాని గోడపటము చేయువారు గుండ్రని భూమిని చదునుకాగితముపై పరచుటకై, ఆ గీతలను పైనుండి క్రిందివరకు ఒకే ఎడమున గీయుదురు. అందుచే ఉత్తరపు నేలలన్నియు సాగదీసిన అప్పడమువలె పెద్దవై కనబడును. ఈ ఊళ్లున్న చోట ఆ సాగుదల దాదాపు నాలుగు రెట్లు.

సరియైన లెక్క ఇది. గ్రీస్ ఫియోర్డ్ రెజొల్యూట్‌కంటె 1.7 డిగ్రీలు ఉత్తరమున నున్నది. అది 190 కిలోమీటర్లు. తూర్పునకు 12 డిగ్రీలున్నది. ఆ చోట అది 335 కిలోమీటర్లు. నిలువు 190, అడ్డము 335 గల లంబకోణ త్రిభుజమునకు కర్ణమెంతో కట్టుమని అబ్బాయితో చెప్పుడు. సుమారు 385 వచ్చును. అదియే ఈ రెండు విమానాశ్రయముల నడుమ దూరము. ఆ పన్నెండు డిగ్రీలే మన విజయవాడ అక్షాంశమున నున్నచో, అడ్డపు కొలతయే 1,280 కిలోమీటర్లగును.

తరువాత కాలము. ఈ మార్గమున తిరుగునది ట్విన్ ఆటర్ అను రెండు ఇంజిన్ల చిన్న విమానము. కెనడాలోనే తయారై 1965లో మొదట ఎగిరినది. గట్టిగా నిండినను ఇరువదిమందికి లోపే పట్టును. దీని గొప్ప వేగమునందు లేదు. కొద్దిపాటి చోటునుండి లేచి, కొద్దిపాటి చోట దిగగలుగుటయే దీని గొప్ప. రెజొల్యూట్ రన్‌వే రెండు వేల మీటర్లకు దగ్గరగా నుండగా, గ్రీస్ ఫియోర్డ్ రన్‌వే సుమారు 500 మీటర్లే. రెండును కంకర పరచిన బాటలే. గ్రీస్ ఫియోర్డ్‌లో ఒకవైపు కొండ, మరొకవైపు సముద్రము. పెద్ద విమానములకు అచ్చట పని లేదు.

ఆ విమానము గంటకు 270 కిలోమీటర్ల చొప్పున పోవుననుకొన్నచో, 385 కిలోమీటర్లకు గంటా ఇరువదియైదు నిమిషములు పట్టును. ఎక్కుట, దిగుట కలుపుకొని గంటన్నర యనుకొందము. ఎదురుగాలి గంటకు 50 కిలోమీటర్ల చొప్పున వీచినచో అది గంటా ముప్పావగును. అదే గాలి వెనుకనుండి తోసినచో గంటా పావులోపుననే చేరవచ్చును.

ఇందులో బిడ్డలకు నచ్చు వింత యొకటి యున్నది. గ్రీస్ ఫియోర్డ్ గడియారము రెజొల్యూట్ గడియారముకంటె ఒక గంట ముందుండును. గ్రీస్ ఫియోర్డ్‌లో పదిగంటలకు బయలుదేరి గంటన్నర ప్రయాణము చేసినవారు, రెజొల్యూట్‌లో దిగి గోడగడియారము చూచినచో పదిన్నరయే యగును. తిరుగుప్రయాణమున మధ్యాహ్నము పన్నెండింటికి ఎక్కినవారు రెండున్నరకు దిగుదురు. పోవునప్పుడు అరగంట, వచ్చునప్పుడు రెండున్నర గంటలు! వేరొక వింత దిక్సూచిది. ఆ ప్రాంతములలో సూచి నిలుకడగా నిలువదు. అందుచే కెనడా ఉత్తరపు ఆకాశమున విమానము నడుపువారు అయస్కాంతమును నమ్మక, భూమి యొక్క నిజమైన ఉత్తరమును బట్టియే దిక్కులు లెక్కింతురు.

ఇంతటితో అబ్బాయి ప్రశ్నకు సమాధానమైనది. 385 కిలోమీటర్లు, గంటన్నర. పుస్తకములో వ్రాసికొనవచ్చును. కాని తల్లికి చెప్పవలసిన మాట ఇంకను మిగిలియున్నది.

ఆ గంటన్నర ప్రయాణమును తప్పనిసరిగా చేయవలసినవారెవరు? వేటకో వ్యాపారమునకో పోవు పురుషుడు మానుకొనవలయునన్నచో మానుకొనగలడు. మానుకొనుటకు వీలులేనిది నిండుచూలాలు. గ్రీస్ ఫియోర్డ్‌లో నర్సులుండు చిన్న వైద్యశాల కలదు గాని, పురుడు పోయుటకు వలసిన ఏర్పాట్లు లేవు. శస్త్రచికిత్స చేయువారు లేరు. కావున ఆ ఊరి గర్భిణి తొమ్మిదవ నెల ప్రవేశించు నాటికి ఇల్లు విడువవలసినదే. చిన్న విమానములో రెజొల్యూట్, అచ్చటినుండి ఇంకొక విమానములో దక్షిణముగా 1,570 కిలోమీటర్ల దూరముననున్న ఇకాలుయిట్ పట్టణము. ఏవైన చిక్కులున్నవని వైద్యులు శంకించినచో, అచ్చటినుండి మరల రెండు వేల కిలోమీటర్లు దాటి రాజధానియైన ఒట్టావా. ఇకాలుయిట్ వరకే చూచినను రమారమి 1,950 కిలోమీటర్లు. హైదరాబాదునుండి ఢిల్లీకి వాయుమార్గమున సుమారు 1,260 అని తలచుకొన్నచో ఆ దూరము మనకు బోధపడును.

అంతయు చేసి, గాలిలోనుండు కాలము కొన్ని గంటలే. కాని పొగమంచు దిగినను, గాలి లేచినను విమానము రాదు. నేడు రావలసినది రేపటికి, రేపటిది ఎల్లుండికి జరుగును. నొప్పులకు ఆ లెక్క తెలియదు. అందుకే వారములు ముందుగా పోవలయును. పోయినవారు రోగుల వసతిగృహములో, తెలియని పడకమీద, తెలియని వంటతో, నెల దినములకు పైగా కనిపెట్టుకొని యుండవలయును. ఇంటివద్ద పెద్దపిల్లలను తండ్రియో అవ్వయో చూచుకొందురు. 2017 వరకు గర్భిణి యన్న కారణమొక్కటే ఉన్నచో తోడు పోవువారి ఖర్చులు ప్రభుత్వము భరించెడిది కాదు. ఆ సంవత్సరమునుండి ఒకరిని వెంటబెట్టుకొని పోవుటకు కెనడా ప్రభుత్వము అనుమతించి, వ్యయము నిచ్చుచున్నది. అంతకుముందు ఎందరు స్త్రీలు ఒంటరిగా పోయి, ఒంటరిగా కని, బిడ్డను చంకనిడుకొని ఒంటరిగా తిరిగివచ్చిరో!

సోదరీమణులారా, మనలో తొలిచూలు పురుడు పుట్టినింట జరుగుట ఆచారము. సీమంతమై, గాజులు తొడిగించుకొని, తల్లి చేతి అన్నము తినుటకు కూతురు పోవును. గర్భిణి ప్రయాణమనగా మన మనస్సులో మెదలునది తల్లియొడికి చేరు ప్రయాణమే. అచ్చటి గర్భిణి ప్రయాణము తల్లిని విడిచి పోవు ప్రయాణము. దూరమెంతయన్నది సమానమైనను, దిక్కు మారినచో బరువు మారును.

ఈ ఎడబాటు ఆ ఊళ్లకు క్రొత్త కాదు. అసలు ఆ ఊళ్లు పుట్టుటయే ఎడబాటుతో పుట్టినవి. 1953లోను 1955లోను కెనడా ప్రభుత్వము సుమారు తొంబది మంది ఇన్యూయిట్లను ఓడ నెక్కించి ఈ ఉత్తరపు ద్వీపములకు తరలించినది. వారిలో ఎక్కువమంది క్యూబెక్ ఉత్తరభాగమున హడ్సన్ అఖాతపు ఒడ్డుననున్న ఇనుక్జువాక్ వారు. క్రొత్తచోట వేట సమృద్ధిగా దొరకునని, ఇష్టము లేకున్నచో రెండేండ్లకు తిరిగి రావచ్చునని చెప్పిరి. అందరు కలిసి ఒక్కచోటనే యుండవచ్చునని వచ్చినవారు నమ్మిరి. ఓడ ఎక్కిన పిదప గాని, కొందరిని ఒకచోట, కొందరిని మరొకచోట దింపుదురని వారికి తెలియలేదు. అక్కను ఇక్కడ, చెల్లెలిని అక్కడ దింపినట్లయినది. వారి పాత ఊరిలో శీతకాలమునను ప్రతిదినము సూర్యుడుదయించును. ఇక్కడ నెలల తరబడి చీకటి. తెలియని నేల, తెలియని వేట, మొదటి చలికాలము గుడారములలో. రెండేండ్లు గడచెను, తిరిగి పంపుమన్నచో పంపలేదు. జనములేని ఆ ద్వీపములు తమవేయని లోకమునకు చూపుటకు ప్రభుత్వము తమను అచ్చట నిలిపినదని వారు తరువాత వాదించిరి.

1980వ దశకపు చివర కొందరు పాత ఊరికి తిరిగి పోగలిగిరి. 1996లో ప్రభుత్వము వారికై ఒక కోటి డాలర్ల నిధి నేర్పరచెను. 2010 ఆగస్టు 18వ తేదీన ఇనుక్జువాక్‌లోనే ప్రభుత్వము తరపున క్షమాపణ చెప్పిరి. ఆ సంవత్సరముననే రెండు ఊళ్లలోను రెండు శిలావిగ్రహములు నిలిపిరి. రెజొల్యూట్ విగ్రహమును సిమియోనీ అమగోఆలిక్ చెక్కెను. ఒంటరి పురుషుడొకడు గ్రీస్ ఫియోర్డ్ వైపు చూచుచుండును. గ్రీస్ ఫియోర్డ్ విగ్రహమును లూటీ పిజమినీ చెక్కెను. ఒక స్త్రీ, ప్రక్కన చిన్న బాలుడు, ఒక కుక్క. ఆమె చూపు రెజొల్యూట్ వైపునకు.

మన బాలుడు పటముమీద పెట్టిన రెండు చుక్కలు ఇవియే. నడుమ 385 కిలోమీటర్లు. విమానమునకు గంటన్నర. ఓడలో తెచ్చి విడిచిన ఆ అక్కచెల్లెండ్రకో, అది ఏండ్ల దూరము.

ఇప్పుడు పురుటి మాటకు తిరిగి వచ్చెదము. పూర్వము ఇన్యూయిట్ స్త్రీలు తమ గుడారములలో, మంచుయిండ్లలో, తమ మంత్రసానుల చేతులలోనే కనెడివారు. తల్లి బిడ్డను అమౌటి అను కోటు వీపుసంచిలో నుంచుకొని తిరిగెడిది. చనిపోయిన పెద్దల పేరు బిడ్డకు పెట్టుట వారి ఆచారము. పేరుతోపాటు వరుసయు వచ్చును. తన తండ్రి పేరు పెట్టుకొన్న కొడుకును తల్లి ‘నాయనా’ యనియే పిలుచును. తాతల పేర్లు మనుమలకు పెట్టుకొను మనకు ఇది వింత కాదు. గత శతాబ్దపు రెండవ సగమున వైద్యశాఖవారు పురుళ్లను క్రమముగా ఊళ్లనుండి దూరపు ఆసుపత్రులకు మార్చిరి. వారి ఉద్దేశము చెడ్డది కాదు. రక్తము పోవుచున్న బాలింతకు మంత్రసాని చేయి మాత్రమే చాలదు. అది మనకును తెలిసిన సంగతియే. శస్త్రచికిత్స, రక్తము ఎక్కించుట, బిడ్డకు ఊపిరి నందించు సాధనములు ఎన్నో ప్రాణములను నిలిపినవి. కాని దానితోపాటు ఊరిలో శిశువు పుట్టుట యన్నదే లేకపోయెను. మంత్రసానితనము నేర్చుకొనువారు లేక, నేర్పువారు ముదుసలులైరి.

దీనికి మారు లేదా యన్నచో, ఉన్నదని చూపినవారు ఇన్యూయిట్ స్త్రీలే. 1986లో, క్యూబెక్ ఉత్తరతీరమున పువిర్నిటుక్ అను ఊరిలో, వారి పట్టుదలచే ఒక ప్రసూతిగృహము వెలసినది. దక్షిణమునుండి వచ్చిన చదువుకొన్న మంత్రసానులు ఆ ఊరి యువతులకే పనిలో పెట్టి విద్య నేర్పిరి. ప్రతి గర్భిణి పరిస్థితిని మంత్రసానులు, వైద్యులు కూడి ముందుగా విచారించి, భయము లేనివారిని ఊరిలోనే ఉంచుదురు, చిక్కులున్నవారిని పంపుదురు. ఆ పద్ధతి నిలిచినది. 1998లో అట్టి ప్రసూతిగృహము ఇనుక్జువాక్‌లోను తెరచిరి.

ఈ పేరును పాఠకురాండ్రు గుర్తుపట్టి యుందురు. 1953లో జనులను ఓడ నెక్కించి తరలించిన ఊరు అదియే. నాడు అచ్చట ఉండిపోయినవారి మనుమరాండ్రు నేడు తమ ఊరిలో, తమ భాష మాటలాడు మంత్రసాని చేతిలో కనుచున్నారు. రెండేండ్లకు తిరిగి తెత్తుమన్న మాట నమ్మి పోయినవారి మనుమరాండ్రు మాత్రము, కనుటకై విమానమెక్కి రెండు వేల కిలోమీటర్లు పోవుచున్నారు.

గ్రీస్ ఫియోర్డ్‌లోను అట్టి గృహము వెంటనే తెరువవలెనని మేము తేలికగా అనలేము. 144 మంది యున్న ఊరిలో ఏటా పుట్టు శిశువులను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అంత కొద్ది పురుళ్లతో మంత్రసాని నేర్పు నిలుచుట కష్టము. ఆపద వచ్చినచో విమానము వచ్చునో రాదో. ఇట్టిచోట ముందుగా పోవుటయే మేలని తలచు తల్లుల మాటను కాదనుటకు మనమెవరము? కాని పోవలసివచ్చినప్పుడు ఒంటరిగా పోకుండుట, పోయినచోట తన భాష వినబడుట, తన తిండి దొరకుట, పెద్దబిడ్డలు నిశ్చింతగా నుండుట, ఇవి విమానము టిక్కెట్టుకంటె తక్కువ అవసరములు కావు. టిక్కెట్టు కొనియిచ్చినంతనే దూరము తీరినదనుకొనుట పొరపాటు.

ఈ మాట ఎక్కడనో మంచుదేశమునకే చెల్లునని తలపవలదు. మన మన్యపు కొండలపైనుండి నొప్పులు పడుచున్న స్త్రీని డోలీలో మోసికొని దించుచున్న వార్తలు నేటికిని పత్రికలలో చదువుచున్నాము. పటముమీద అది ఏడెనిమిది కిలోమీటర్లే యుండవచ్చును. మోయువారి భుజములను, డోలీలోని తల్లిని అడిగిన గాని ఆ దూరమెంతో తెలియదు. మన యింటి కోడలిని ఆసుపత్రికి పంపునప్పుడును బండి కుదిర్చితిమా, డబ్బు కట్టితిమా యని చూతుము గాని, ప్రక్కన ఎవరు కూర్చుందురని అన్నిసార్లు తలపము.

కావున ఉత్తరము వ్రాసిన సోదరికి మా మనవి ఇది. అబ్బాయి పుస్తకములో 385 కిలోమీటర్లనియు, గంటన్నర యనియు వ్రాయించుడు. గుమ్మడికాయ కోయుటకు ముందు దాని చాళ్లు చూపుడు. లెక్క సరిపోయినదని వాడు సంతోషించిన పిదప, ఆ రెండు ఊళ్లలో ఎదురెదురుగా చూచుకొనుచున్న రెండు రాతిబొమ్మల కథ చెప్పుడు. ఆ బొమ్మలకు నడుమ ఎంత దూరమని వానినే అడుగుడు. వాడేమి చెప్పెనో మాకు వ్రాసినచో, వచ్చు మాసమున సంతోషముతో ప్రకటింతుము.